నార్వే ఊరి నిమ్మకాయలు

బస్సు కదిలే ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టడం నార్వే జాలర్ల పాతకాలపు ఆచారమని మీతో ఎవరైనా అంటే నవ్వకండి. పోట్లాటకీ దిగకండి. ఆ ఆచారం పుట్టిన రోజున నేను అక్కడే ఉన్నాను. పుట్టకుండా ఆపడానికి నా శాయశక్తులా ప్రయత్నించాను కూడా.

మా చర్చికి వచ్చే పిల్లలు, ఉద్యోగాల వేటలో ఉన్నవాళ్లు, "ఆంటీ, మీ కెరీర్‌లో మోస్ట్ మెమరబుల్ డే ఏది?" అని అడుగుతుంటారు. ఏదో అవార్డు గురించి చెబుతానని వాళ్ల ఆశ. నాకు అవార్డులు ఎవరూ ఇవ్వలేదు. అందుకని ఈ నిమ్మకాయల కథే చెబుతాను.

వాంకూవర్ నుంచి తీరం వెంబడి ఉత్తరానికి తిరిగే ఒక చిన్న క్రూజ్ షిప్‌లో పనిచేసి నేను రిటైరయ్యాను. క్రూజ్ అనగానే ఈతకొలనులూ డాన్సులూ ఊహించుకోకండి. మాది పెన్షన్ పుచ్చుకునేవాళ్లు ఎక్కే ఓడ. రాత్రి భోజనం అవగానే అందరూ నిద్రపోయేవారు. ఓడ ఏ ఊరి దగ్గర ఆగితే ఆ ఊళ్లో వాళ్లను దింపి, బస్సెక్కించి, చూపించవలసింది చూపించి, ఒక్కరు తగ్గకుండా మళ్లీ ఓడెక్కించడం నా పని. దాన్ని షోర్ డే ఇన్‌ఛార్జ్ అనేవారు. మా ఆయన మాత్రం గొర్రెల కాపరి అనేవారు. బైబిల్లో గౌరవమైన ఉద్యోగమే కాబట్టి నేనూ అభ్యంతరం పెట్టలేదు. కాకినాడ దగ్గర సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని, ఓడమీద పని దొరికితే ఎందుకు వదులుతాను?

నేను చెప్పేది స్టూడెంట్లు వెల్లువలా వచ్చిన రోజుల మాట. వాంకూవర్ పక్కన బర్నబీలో ఏ బస్సెక్కినా సగం తెలుగే వినబడేది. మా చర్చిలో ప్రతి ఆదివారం కొత్త ముఖాలు. ఆరాధన అవగానే ఒక చేత్తో బిర్యానీ ప్లేటు, ఇంకో చేత్తో రెజ్యూమె పట్టుకుని నా చుట్టూ మూగేవారు. ఒక కాఫీ షాపులో ఒక్క ఉద్యోగం ఉందంటే మలుపు దాటిపోయేంత క్యూ. సిటీలో దొరకనివాళ్లు దూరాలకు పోయారు. ఎంత దూరాలకంటే, మ్యాపులో వేలు పెట్టి వెతుక్కోవలసిన ఊళ్లకు.

అలాంటి ఊరే ఇది. ఎప్పుడో నార్వే నుంచి వచ్చిన జాలర్లు కట్టుకున్న హార్బరు. ఎర్రవీ పచ్చవీ చెక్క ఇళ్లు, చెక్క చర్చి, ఆ చర్చి కప్పు నుంచి వేలాడే చెక్క ఓడబొమ్మ. ఊరి వెనక లోయ, లోయ చివర గ్లేసియర్. మా కంపెనీ అక్కడ ఓడ ఆపి చూద్దామనుకుంది. ఒకే ఒక్క ట్రయల్. బాగుంటే వచ్చే ఏడాది నుంచి ప్రతి వేసవీ ఆగుతాం. లేకపోతే మళ్లీ ఆ వైపు చూడం. నిర్ణయించడానికి హెడ్డాఫీసు నుంచి ఒక మేడమ్ స్వయంగా ఓడెక్కింది. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన కోటులో ఉండే మనిషి. వాళ్ల నానమ్మది నార్వే. అందుకని ప్రతిదానికీ "ఇది అసలైనదేనా?" అని అడిగేది. ఓడలో సూప్‌ని కూడా అడిగింది.

వారం ముందు ఆ ఊరి బస్సు సర్వీసుకు ఫోన్ చేశాను. ఇంగ్లీషును బాగా ఇస్త్రీ చేసి మాట్లాడాను. అవతలి ఆడగొంతు "వన్ మినిట్ మేడమ్" అని, ఫోను చేత్తో మూసి, ఇంకెవరితోనో అంది: "అమ్మా, మళ్ల జేస్త. షిప్పోళ్లు లైన్ల ఉన్నరు."

"ఎవరమ్మాయివే నువ్వు?" అన్నాను తెలుగులో.

అటువైపు నుంచి ఒక కేక. కరీంనగర్ నుంచి వచ్చి, బర్నబీలో టూరిజం డిప్లొమా చేసి, వంద చోట్ల అప్లై చేస్తే ఈ ఒక్క ఊరు పిలిచిందట. మోటెల్‌లో గదులు శుభ్రం చేయడంతో మొదలుపెట్టి, లైసెన్స్ తీసుకుని, ఇప్పుడు బస్సు డ్రైవరు. మోటెల్ ఓనరు ఒక ముసలాయన. నార్వే జాలర్ల మనవడు. ఓడ వస్తుందన్న ఆశతో ఒక పాత స్కూలు బస్సు కొని నీలం రంగు వేయించాడు.

"నా వర్క్ పర్మిట్ ఈ వింటర్‌తోని అయిపోతది ఆంటీ," అంది చివర్లో, మామూలు గొంతుతోనే. "షిప్పు ప్రతి సంవత్సరం వస్తే నాకు పర్మనెంట్ జాబ్ ఇస్త, ఈడనే ఉండిపోయేతందుకు పీఆర్‌కు సపోర్ట్ చేస్త అన్నడు తాత. రాకపోతే బస్సు అమ్మేస్త అన్నడు. నేను గూడ ఇంటికే."

ఫోను పెట్టేశాక నాకు ఆ రోజంతా ఏ పనీ సాగలేదు. ఎవరి పిల్లో, ఏ ఊరి పిల్లో. మనకెందుకు అనుకోవడం మాత్రం నాకు చిన్నప్పటినుంచీ రాదు.

ఆ రోజు వచ్చింది. ఓడ నీళ్ల మధ్య ఆగితే, టెండర్ అనే చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేర్చాం. పొగమంచు విడిపోతోంది. హార్బరులో చేపల వాసన. నాకది పుట్టింటి వాసన. మనసు తేలిపోతూ బస్సు దగ్గరికి వెళ్లేసరికి, డ్రైవర్ పిల్ల ముందు టైరు దగ్గర చతికిలబడి కూర్చుని ఉంది.

"ఏమ్మా, పంక్చరా?"

"కాదాంటీ. నిమ్మకాయలు పెడ్తున్న."

నిజంగానే పెడుతోంది. మన నిమ్మకాయలు కావు. ఇక్కడివి, పచ్చగా, కోడిగుడ్ల కంటే పెద్దవి. మోటెల్ వంటింట్లో చేపల కోసం తెచ్చిన వాటిని ఎత్తుకొచ్చిందట.

"ఇప్పుడా? కంపెనీ మేడమ్ పడవ దిగుతోంది. ఆవిడ నార్వే చూడటానికి వచ్చిందమ్మా, నిమ్మకాయలు కాదు!"

"బండి ఫస్ట్ టైమ్ పబ్లిక్‌ను ఎక్కించుకుంటుంది ఆంటీ. మా బాపు డిపోల డ్రైవరు. కొత్త బండి వస్తే ఎంత పెద్దాఫీసరు నిలవడ్డా సరే, నిమ్మకాయలు తొక్కినంకనే గేటు దాటాలె."

"నేను చర్చి మనిషిని. ఇలాంటివి నాకు పడవు."

"మీరు ప్రేయర్ జేస్కోండ్రి. నేను ఇవి పెట్టుకుంట. రెండిట్ల ఏదో ఒకటి పన్జేస్తది."

దీనికి నా దగ్గర మంచి జవాబే ఉంది కానీ చెప్పే వ్యవధి లేదు. కోపంతో ఒక కాయను కాలితో పక్కకు తోయబోయాను. ఆ పిల్ల నేను సాయం చేస్తున్నాననుకుంది. "టైరు నడిమిట్ల గాదు ఆంటీ, జర ముందుకు. బండి ఎక్కి దిగాలె" అని సర్దింది.

అప్పటికే ప్రయాణికులు చుట్టూ చేరారు. మా ముసలి గొర్రెల సంగతి నాకు తెలుసు. ఎవరైనా నేలమీద కూర్చుని ఏదైనా చేస్తుంటే చాలు, గుంపు కట్టేస్తారు. ఏమిటిది, ఏమిటిది అని ఒకటే గొడవ. ఒకాయన మోటెల్ ముసలాయన్నే అడిగాడు. ఆయన కాఫీ కప్పు పట్టుకుని మోటెల్ మెట్లమీద నిలబడి ఉన్నాడు. ఆ నిమ్మకాయల్ని ఆయనా అప్పుడే చూస్తున్నాడని నాకు స్పష్టంగా తెలుస్తోంది. ఆయన ఒక గుక్క కాఫీ తాగి, "మా ఊళ్లో అంతే" అన్నాడు.

ఇక చూడాలి. ఫోన్లన్నీ పైకి లేచాయి. నార్వే ఆచారం, జాలర్ల ఆచారం అని ఒకరి చెవిలోంచి ఒకరి చెవిలోకి పాకింది. ఎవరో తన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. మేడమ్ కళ్లు చిన్నవి చేసి చూసింది. "మా నానమ్మ ఎప్పుడూ చెప్పలేదే!"

"మీ నానమ్మది ఏ ఊరు?" అన్నాడు ముసలాయన.

ఆవిడ ఏదో ఊరి పేరు చెప్పింది.

"ఓ, అటువైపా," అన్నాడాయన జాలిగా. "అటువైపు వాళ్లకు తెలియదు."

నేను బస్సెక్కి ముందు సీట్లో కూలబడి, కళ్లు మూసుకుని, ప్రభువా ఈ ఒక్క పూట గట్టెక్కించు అని వేడుకున్నాను. కళ్లు తెరిచి వెనక్కి చూస్తే బస్సులో అందరూ తలలు వంచుకుని ఉన్నారు. అదీ ఆచారంలో భాగమే అనుకున్నారు! డ్రైవర్ పిల్ల అద్దంలోంచి నన్ను చూసి కన్ను గీటింది. బస్సు ముందుకు ఉరికింది. కింద ఫట్, ఫట్ మని చప్పుడు. బస్సంతా చప్పట్లు.

గ్లేసియర్ గురించి రాయడానికి నాకు భాష చాలదు. లోయ మలుపు తిరగగానే కొండల మధ్య నుంచి అది దిగివస్తూ కనిపిస్తుంది. నీలిమందు పెట్టి ఆరేసిన చీర రంగు. దాని చల్లదనం ముఖానికి తగలగానే వయసు ఎవరికీ గుర్తుండదు. రిటైరైన జడ్జిగారు ఒకాయన రెయిన్‌కోటు కింద వేసుకుని మంచు వాలుమీద జారాడు. వాళ్లావిడ ఆయన్ని తిట్టి, తనూ జారింది. నేను నా ఇన్‌ఛార్జ్ హోదా పక్కన పెట్టి డ్రైవర్ పిల్ల మీద మంచుముద్ద విసిరాను. గురి తప్పి జడ్జిగారికి తగిలింది. ఆయన సంతోషించాడు.

"రోజు జూస్త ఆంటీ," అంది ఆ పిల్ల బుగ్గలు ఎర్రబడి. "రోజు ఫస్ట్ టైమ్ లెక్కనే ఉంటది."

మేడమ్ ఒక్కతే నవ్వకుండా నిలబడి ఉంది. నా పక్కకు వచ్చి, "బాగుంది. కానీ ఈ తీరంలో ప్రతి ఊరికీ ఒక గ్లేసియర్ ఉంది. ఈ ఊరికి మాత్రమే ఉన్నది ఏమిటి? అది చూపించండి," అంది.

ఆవిడ అటు వెళ్లగానే డ్రైవర్ పిల్లతో, "నీ పర్మిట్ సంగతి ఆవిడకు చెప్పేస్తాను. ఆవిడకూ మనసుంటుంది కదా," అన్నాను.

"వద్దాంటీ. పాపమని వచ్చిన షిప్పు ఒక్కసారే వస్తది. నాకు ప్రతి సంవత్సరం గావాలె."

ఇరవయ్యేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు, ఇంత మాట ఎక్కడ నేర్చిందో. నేను నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం అరుదు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

తిరిగి హార్బరుకు వచ్చేసరికి రెండో ట్రిప్పు జనం బారులు తీరి ఉన్నారు. మొదటి ట్రిప్పు ఫోటోలు వాళ్ల ఫోన్లలోకి ముందే చేరిపోయాయి. "మా నిమ్మకాయలేవీ?" అని ఒకటే పేచీ. కొత్త బండికి ఒక్కసారే పెడతారని ఆ పిల్ల నాకు చెబుతోంది కానీ, వాళ్ల ముఖాలు చూసి కరిగిపోయింది. "దసరాకు మళ్ల పెడ్తం గద. ఇయ్యాల్నే దసరా అనుకుందం," అంది. మోటెల్‌లో నిమ్మకాయలు అయిపోయాయి. నేను వాకీటాకీ తీసి ఓడలో బార్ అతన్ని పిలిచాను.

"వెంటనే నిమ్మకాయలు పంపు. ఉన్నన్నీ."

"ఒడ్డున ఏం తాగుతున్నారు మేడమ్ మీరు?" అన్నాడతను.

తర్వాతి టెండరులో మనుషులతో పాటు ఒక పెట్టె నిమ్మకాయలు దిగాయి. ఒక్కొక్కరూ వంగి, నడుములు పట్టుకుని, టైరు ముందు ఒక్కో కాయ పెట్టారు. ఆ పిల్ల డిపో మేనేజరులా వెనక చేతులు కట్టుకుని తిరుగుతూ, జర ముందుకు, జర ముందుకు అని ఇంగ్లీషులో సర్దిస్తోంది. వాళ్లలో చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ ఉంది. ఆ ప్రయాణంలో అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఒళ్లో ఒక నిమ్మకాయ పట్టుకుని, "నా బండికి పెట్టరా?" అంది.

ఆ పిల్ల ఆలోచించనైనా లేదు. కాయను కోసి, ఒక్కో చక్రం ముందూ చిన్న ముక్క పెట్టి, కుర్చీ పట్టుకుని, "రైట్ రైట్!" అని డిపో కేక ఒకటి పెట్టి తోసింది. పెద్దావిడ రెండు చేతులూ గాలిలోకి ఎత్తి పకపకా నవ్వింది. హార్బరు ఈ చివర నుంచి ఆ చివరకు తీసుకెళ్లి తిప్పుకొచ్చింది ఆ పిల్ల. నాకు కన్నీళ్లు ఆగలేదు. పక్కన జడ్జిగారికీ ఆగలేదు.

సరిగ్గా అప్పుడే మేడమ్ నా మోచెయ్యి పట్టుకుని బస్సు వెనక్కి తీసుకెళ్లింది. "నిజం చెప్పండి. ఇది నార్వే ఆచారమా, కాదా?"

అవునంటే చాలు. నాలిక చివర దాకా వచ్చింది. కానీ ఆవిడ వాళ్ల నానమ్మను తలుచుకుంటూ నా ముఖంలోకి చూస్తోంది, నేను ఉదయమే ప్రార్థన చేసుకున్న మనిషిని.

"కాదు మేడమ్. తెలంగాణాలో బస్సు డిపోల ఆచారం. ఆ అమ్మాయి వాళ్ల నాన్న బస్సు డ్రైవరు."

ఆ పిల్ల పీఆర్‌ను నా చేతులతో నేనే టైరు కింద పెట్టాననిపించింది.

మేడమ్ మెట్లమీది ముసలాయన దగ్గరికి నేరుగా వెళ్లింది. "మీ ఊరి ఆచారమన్నారు!"

"అవును," అన్నాడాయన. "ఆ అమ్మాయి మా ఊరిదే కదా." ఆవిడ కదలకపోయేసరికి కప్పు కింద పెట్టి, ఇంకాస్త మాట్లాడాడు. "మా చర్చిలో ఓడబొమ్మ చూశారా? మా తాత చెక్కాడు. ఆయన దాన్ని భుజాన వేసుకుని పడవ దిగినప్పుడు, ఇక్కడ మొదటినుంచీ ఉన్నవాళ్లు ఒడ్డున నిలబడి చూశారట. దేవుడి ఇంట్లో ఓడను వేలాడదీస్తాడట, పిచ్చివాడు అని నవ్వారట. ఇప్పుడు దాన్ని మీరు అసలైనది అంటున్నారు."

హార్బరు చివర చక్రాల కుర్చీ రెండో చుట్టు తిరుగుతోంది. మేడమ్ అటే చూస్తూ, "మరి మా టెండర్లకు ఎక్కడ పెడతారు?" అంది. "వాటికి చక్రాలు లేవు కదా."

అందరం డ్రైవర్ పిల్లను పిలిచి అడిగాం. ఆమె తెల్లముఖం వేసింది. "మా దిక్కు సముద్రం లేదు మేడమ్."

మాట్లాడకుండా ఉండవలసిన మనిషిని నేనే. కానీ నోరు ఊరుకుంటేనా?

"ముక్కుకు కట్టాలి," అన్నాను. "మిరపకాయలతో కలిపి."

మా తాతయ్యకు పడవ ఉండేది. కొత్త పడవ నీళ్లలోకి దించిన రోజున పాస్టరు గారు వచ్చి చక్కగా ప్రార్థన చేసేవారు. అందరం ఆమెన్ అనేవాళ్లం. పాస్టరు గారి సైకిలు వీధి మలుపు తిరిగేదాకా చూసి, తాతయ్య పంచెలోంచి నిమ్మకాయా మిరపకాయలూ తీసి పడవ ముక్కుకు కట్టేవాడు. "ప్రభువు ఏమీ అనుకోడులే," అనేవాడు. ఈ సంగతి నేను కెనడాలో ఒక్క ప్రాణికి చెప్పలేదు. మా ఆయనకు కూడా.

"మిరపకాయలు నా ఫ్రిజ్‌ల ఉన్నయి ఆంటీ!" అని ఆ పిల్ల పరుగు తీసింది. ఉండకేం. తెలుగు పిల్ల గ్లేసియర్ పక్కన కాపురం పెట్టినా పచ్చిమిరపకాయలు ఉంటాయి. ముసలాయన వలతాడు తెచ్చిచ్చాడు. నేను టెండరు ముక్కు మీద బోర్లా పడుకుని కట్టాను. వేళ్లకు తాతయ్య ముడి గుర్తుంది. కట్టి, అక్కడే తల వంచి ప్రార్థన కూడా చేశాను. ఈసారి మేడమ్ కూడా తల వంచింది.

చివరి పడవ కదులుతుంటే జనం గుడ్‌బై అని చేతులూపుతున్నారు. రేవు మీద ఆ పిల్ల రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని అరిచింది: "ఆంటీ, పోతున్నం అననియ్యకుండ్రి! వెళ్లొస్తం అనుమనుండ్రి!"

నేను నేర్పాను. జడ్జిగారికి నాలిక తిరగలేదు. పెద్దావిడకు చక్కగా తిరిగింది. ముక్కున నిమ్మకాయలు ఊగుతూ పడవ పోతుంటే, అందరూ కలిసి, నార్వే నానమ్మ మనవరాలితో సహా, వెళ్లొస్తాం, వెళ్లొస్తాం అని గొంతులు పోయేలా అరిచారు. ఆ మాటకు అర్థమేమిటని మేడమ్ నన్ను అడిగింది. మళ్లీ వస్తామని మాటివ్వడం అని చెప్పాను. ఆవిడ ముక్కు తుడుచుకుని, "అయితే ఇచ్చేశాం కదా," అంది.

ఆకులు రాలే రోజుల్లో ఒక సాయంత్రం ఫోను మోగింది. "ఆంటీ! షిప్పు వస్తదట! ప్రతి సంవత్సరం!" వెనక ముసలాయన నవ్వు వినబడుతోంది. నేను వంటింట్లో ఒక్కదాన్నే గంతులేశాను. మా ఆయన వచ్చి స్టవ్ కట్టేశారు.

కొన్నేళ్లకు రిటైరై, కిందటి వేసవిలో నేనే టికెట్టు కొనుక్కుని, ప్రయాణికురాలిగా ఆ ఊరు వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. టెండరు ముక్కున నిమ్మకాయలు ఊగుతున్నాయి. రేవులో నీలం బస్సులు రెండయ్యాయి. బస్సు దగ్గర ఎర్ర గడ్డం, ఆరడుగుల మనిషి, పుట్టుకతోనే ఆ ఊరివాడు, బుట్టలోంచి అందరికీ తలా ఒక నిమ్మకాయ పంచుతూ, ఇది తమ ఊరి పాత ఆచారమని వివరిస్తున్నాడు. నా వంతు వచ్చింది. వంగి, టైరు ముందు పెట్టాను.

"అలా కాదమ్మా," అన్నాడు మర్యాదగా. "మధ్యలో కాదు, కొంచెం ముందుకు. బండి ఎక్కి దిగాలి. మా ఊరి పెద్దలు అలాగే చెబుతారు."

"పెద్దలంటే ఎవరు బాబూ?"

అతను మోటెల్ మెట్ల వైపు చూపించాడు. అక్కడ కాఫీ కప్పు పట్టుకుని, ముప్ఫై కూడా నిండని ఆ ఊరి పెద్ద, నన్ను గుర్తుపట్టి, ఒక చేత్తో నోరు మూసుకుని నవ్వుతోంది.

నేను నిమ్మకాయను కొంచెం ముందుకు జరిపాను.